బిల్ట్-ఇన్ ఓవెన్ నిర్వహణ, రిపేరు: హైదరాబాద్ ఇళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

కూకట్‌పల్లి, మియాపూర్, మణికొండ వైపు అపార్ట్‌మెంట్లలో ఓవెన్లు రిపేరు చేయడం నా పని. మాడ్యులర్ కిచెన్లు వచ్చాక గోడలో అమర్చే కరెంటు ఓవెన్ చాలా ఇళ్లలో మామూలైంది. నాకు వచ్చే ఫోన్లలో సగం ఓవెన్ పాడైనవి కావు. ప్లగ్గు దగ్గరో, గడియారం దగ్గరో, తలుపు రబ్బరు దగ్గరో చిన్న తేడా ఉంటుంది. అది తెలియక కొందరు ఓవెన్‌ను నడిపే ఎలక్ట్రానిక్ బోర్డులే మార్పిస్తున్నారు, ఇంకొందరు ఓవెన్నే అమ్మేస్తున్నారు. అందుకే మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట రాశాను. మీ ప్రశ్న ఏదో దానికే నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

ముందుగా ఒక జాగ్రత్త. ఇక్కడ రాసిందంతా కాయిల్‌తో వేడెక్కే ఓవెన్ల గురించే. మైక్రోవేవ్ కూడా కలిసి ఉన్న మోడల్ అయితే పై కవరు అసలు విప్పొద్దు. స్విచ్ ఆపి ప్లగ్గు తీసినా దాని కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత వోల్టేజీ నిలిచి ఉంటుంది.

## బిగించేటప్పుడు

బిల్డర్ ఇచ్చిన 16 ఆంపియర్ల సాకెట్ చాలా, ఓవెన్‌కు వేరే లైను లాగించాలా?

ఓవెన్ తలుపు తెరిస్తే ఫ్రేమ్ పక్కన చిన్న స్టిక్కర్ ఉంటుంది. ఎన్ని వాట్లో దాని మీదే రాసి ఉంటుంది. మన ఇళ్లలో కనిపించేవి ఎక్కువగా 2.5 నుంచి 3.5 కిలోవాట్ల మధ్య ఉంటాయి. 3 కిలోవాట్లంటే 230 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు. 3.5 అయితే 15 దాటుతుంది. మిక్సీలా రెండు నిమిషాలు లాగి ఆగే లోడు కాదిది, గంట సేపు లాగుతుంది. కాబట్టి డీబీ (ఇంట్లో బ్రేకర్లన్నీ ఉండే పెట్టె) నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో విడిగా ఒక లైను, దానికో 20 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే తనే పడిపోయే స్విచ్) ఉండాలి. చాలా ఫ్లాట్లలో వంటింటి సాకెట్లన్నింటినీ ఒకే వైరు మీద తిప్పేసి ఉంటారు. ఫ్రిజ్, ఆర్‌ఓ, ఓవెన్ మూడూ దాని మీదే. సాకెట్ మీద 16 అని రాసి ఉన్నంత మాత్రాన వెనకున్న వైరు దానికి తగ్గట్టు ఉందని అనుకోవద్దు.

ఇంట్లోనే ఒక పరీక్ష చేయొచ్చు. గంటసేపు ఓవెన్ వాడి, స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చేత్తో పట్టుకోలేనంత వేడి ఉన్నా, పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగినా ఓవెన్ వాడకం ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద మాత్రం ఒక్క రోజు కూడా నడపొద్దు.

ఎర్త్ సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

మల్టీమీటర్‌తో ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య కొలిస్తే 230 వోల్టుల దగ్గర చూపాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఒకటి రెండు వోల్టులకు మించకూడదు. ఇది ఎలక్ట్రీషియన్ చేత చేయించండి, ఐదు నిమిషాల పని. మన నగరం రాతి నేల మీద ఉంది. ఎండాకాలంలో ఎర్త్ గుంత ఎండిపోతే జనవరిలో బాగున్న ఎర్త్ మే నెలలో బలహీనపడుతుంది. విడి ఇల్లయితే వేసవిలో ఆ గుంతలో నీళ్లు పోయించండి, అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్ వాళ్లకు గుర్తుచేయండి. దాంతోపాటు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) తప్పనిసరి. తలుపు పిడి ముట్టుకున్నప్పుడు చురుక్కుమంటే, ఎంత కొద్దిగా అయినా సరే, ఆ క్షణమే వాడకం ఆపాలి.

కార్పెంటర్ సాకెట్‌ను ఓవెన్ వెనకాలే పెట్టాడు. ఓవెన్ రెండు అంగుళాలు బయటికే ఉంది. ఏం చేయాలి?

సాకెట్‌ను పక్క అరలోకి మార్పించండి. వెనకాల ఉంటే ప్లగ్గు నలుగుతుంది, వేడికి వైరు పెళుసవుతుంది. ఏదైనా అయితే గబుక్కున ప్లగ్గు తీయాలన్నా అందదు. అరకు వెనక పలకలో, కింద పలకలో గాలి ఆడే ఖాళీ కూడా ఉండాలి. ఓవెన్‌లో చల్లబరిచే ఫ్యాన్ వెనక నుంచి, కింద నుంచి గాలి పీల్చి తలుపు పైనున్న సందులోంచి బయటికి తోస్తుంది. వెనకంతా ప్లైవుడ్‌తో మూసేస్తే ఆ ఫ్యాన్ వేడి గాలినే తిప్పుతుంటుంది. దాంతో బోర్డు తొందరగా పోతుంది, పక్క అర లామినేట్ లేచిపోతుంది. తలుపు పై సందు ముందు టవల్ ఆరేయొద్దు.

కొత్త ఓవెన్ మొదటిసారి వేస్తే పొగ, వాసన వచ్చింది. లోపమా?

లోపం కాదు. కాయిల్స్ మీద, లోపలి రేకు మీద ఫ్యాక్టరీలో పూసిన నూనె మాడుతుంది. ప్యాకింగ్ టేపులు, థర్మాకోల్ ముక్కలు లోపల లేవని చూసుకుని, కిటికీలు తెరిచి, ఖాళీ ఓవెన్‌ను 250 డిగ్రీల దగ్గర గంట సేపు నడపండి. చల్లారాక సబ్బునీళ్ల గుడ్డతో తుడవండి.

## రోజూ వాడేటప్పుడు

ఓవెన్ ఆపేశాక కూడా ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. కరెంటు వృథా అని మెయిన్ ఆపేస్తున్నాను. మంచిదేనా?

ఆపొద్దు. ఆ ఫ్యాన్ బోర్డునూ, బటన్లనూ, చుట్టూ ఉన్న చెక్కనూ కాపాడుతోంది. లోపలి వేడి తగ్గాక అదే ఆగిపోతుంది. మోడల్‌ను బట్టి పది నిమిషాల నుంచి అరగంట పైన పట్టొచ్చు. అది లాగే కరెంటు చాలా తక్కువ. మెయిన్ ఆపేస్తే లోపలి వేడంతా పైకెక్కి ఎలక్ట్రానిక్ భాగాల మీదే పడుతుంది. ఓవెన్ పూర్తిగా చల్లబడ్డాకా గంటల తరబడి తిరుగుతుంటే మాత్రం వేడి కొలిచే సెన్సర్‌నో, రిలేనో (బోర్డు మీద కరెంటు వేసి ఆపే చిన్న స్విచ్) చూపించాలి.

దమ్ బిర్యానీ హండీని ఓవెన్ అడుగున నేరుగా పెట్టొచ్చా?

వద్దు. రంజాన్ నెలలో, పండగ రోజుల్లో నాకు వచ్చే కేసుల్లో ఇదొకటి. అడుగు రేకు కిందే కాయిల్ ఉంటుంది. దాని మీద బరువైన హండీ పెడితే వేడి పైకి పోయే దారి లేక అక్కడే నిలిచిపోతుంది. ఎనామిల్ పూత సాలెగూడులా చిట్లుతుంది, కాయిల్ ఆయుష్షు తగ్గుతుంది. బిర్యానీ కూడా కింద మాడి పైన పచ్చిగా ఉంటుంది. ఇనుప జాలీని అన్నిటికన్నా కింది గాడిలో పెట్టి దాని మీద హండీ ఉంచండి. మాంసంతో నిండిన హండీ ఆరేడు కిలోలు తూగుతుంది కదా, జాలీ రెండు వైపులా గాడిలో పూర్తిగా కూర్చుందో లేదో ముందే చూసుకోండి. లాగి వదిలే టెలిస్కోపిక్ పట్టాల మీద అంత బరువు పెట్టొద్దు, వంగిపోతాయి. తెరిచిన తలుపు మీద హండీని ఆనించడం అంతకన్నా ప్రమాదం.

అడుగున అల్యూమినియం ఫాయిల్ పరచడం కూడా ఇలాంటి పొరపాటే. నూనె కారకుండా అని పరుస్తారు. కింది కాయిల్ వేడికి ఫాయిల్ ఎనామిల్‌కు అతుక్కుంటే ఇక ఊడి రాదు. కారేది పట్టాలంటే ఒక గాడి కింద ఖాళీ ట్రే పెట్టుకోండి.

గంట నడిపితే ఎన్ని యూనిట్లు కాలుతుంది?

3 కిలోవాట్ల ఓవెన్ గంటకు మూడు యూనిట్లు తింటుందనుకుంటారు. అలా జరగదు. వేడెక్కేదాకా పూర్తిగా లాగి, తర్వాత ఆగుతూ వెలుగుతూ ఉంటుంది. 180 డిగ్రీల దగ్గర గంట కేకు పనికి ఒకటి నుంచి ఒకటిన్నర యూనిట్ వేసుకోండి. తలుపు మాటిమాటికీ తెరిస్తే పెరుగుతుంది.

ఇన్వర్టర్ మీద, అపార్ట్‌మెంట్ జనరేటర్ మీద నడుస్తుందా?

ఇళ్లలో పెట్టే మామూలు ఇన్వర్టర్ దీన్ని మోయలేదు. జనరేటర్ అయితే మీ ఫ్లాట్‌కు ఎంత లోడు ఇచ్చారో అసోసియేషన్‌ను అడగండి. చాలాచోట్ల లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్ వరకే ఇస్తారు. ఓవెన్ పడగానే ఫ్లాట్ మొత్తం ట్రిప్ అవుతుంది.

ఎండాకాలం వోల్టేజీ పడిపోయి ఓవెన్ ఆలస్యంగా వేడెక్కుతోంది. స్టెబిలైజర్ పెట్టాలా?

వోల్టేజీ కొంచెం తగ్గితే వేడి చాలా తగ్గుతుంది. 230 వోల్టులకు బదులు 200 వస్తే కాయిల్ ఇచ్చే వేడి సుమారు 76 శాతమే. 12 నిమిషాల్లో వేడెక్కేది 16, 17 నిమిషాలు తీసుకుంటుంది. అది ఓవెన్ లోపం కాదు. కొంచెం ఎక్కువ సేపు వేచి చూస్తే చాలు, దీనికోసమే పెద్ద స్టెబిలైజర్ కొనక్కర్లేదని నా అభిప్రాయం.

అసలు భయపడాల్సింది ఎక్కువ వోల్టేజీకి. త్రీ ఫేజ్ కనెక్షన్‌లో న్యూట్రల్ వదులైతే ఒక ఫేజ్ మీద 300 వోల్టులు దాటి రావొచ్చు. బోర్డులు కాలిపోయేది ఎక్కువగా అలాంటప్పుడే. లైట్లు కొన్ని మరీ ప్రకాశంగా, కొన్ని మసకగా వెలుగుతుంటే వెంటనే మెయిన్ ఆపి 1912కు ఫోన్ చేయండి. వోల్టేజీ హద్దు దాటగానే సరఫరా ఆపేసే చిన్న పరికరం డీబీలో పెట్టించుకుంటే ఓవెన్‌తో పాటు ఏసీ, ఫ్రిజ్ కూడా బతుకుతాయి.

## శుభ్రం చేసేటప్పుడు

లోపల నూనె జిడ్డు మాడి అట్టకట్టింది. గీకకుండా ఎలా పోతుంది?

వంట సోడాలో కొద్దిగా నీళ్లు కలిపి దోసెపిండి కన్నా చిక్కగా చేయండి. ఓవెన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు జాలీలు, ట్రేలు తీసి, మురికి మీద పట్టించి రాత్రంతా వదిలేయండి. కాయిల్స్ మీద, లోపల వెనక గోడలో వేడి గాలి తిప్పే ఫ్యాన్ రంధ్రాల్లో, తలుపు రబ్బరు మీద పడకూడదు. ఉదయం తడిగుడ్డతో తుడిస్తే చాలావరకు గోధుమ రంగు ముద్దలా వచ్చేస్తుంది. తెల్లటి పొర మిగిలితే వెనిగర్ కలిపిన నీళ్లతో తుడవండి. మొండి మరకకు ఇంకో రాత్రి ఇవ్వండి.

స్టీలు పీచు, బ్లేడు వాడొద్దు, ముఖ్యంగా అద్దం మీద. అద్దం మీద పడిన గీత తర్వాతెప్పుడో వేడెక్కినప్పుడు పగులు మొదలయ్యే చోటు అవుతుంది. కాస్టిక్ ఉన్న ఓవెన్ క్లీనర్లు వాడితే చేతులకు గ్లౌజులు వేసుకోండి, కిటికీ తెరవండి, అల్యూమినియం ట్రేలకు తగలనివ్వొద్దు.

తలుపు రెండు అద్దాల మధ్య మరకలు పడ్డాయి. అక్కడికి గుడ్డ ఎలా పోతుంది?

తలుపు ఊడదీయాలి. చాలా మోడళ్లలో పై పట్టీ రెండు వైపులా నొక్కితే లేస్తుంది, లోపలి అద్దం పైకి జారుతుంది. తలుపు తీసే పద్ధతి ఇది: పూర్తిగా తెరవండి. రెండు కీళ్ల దగ్గరా చిన్న లాకులుంటాయి, రెండిటినీ తిప్పండి. సగం దాకా మూసి, ఆగిన చోట రెండు చేతులతో పైకెత్తి లాగండి. లాకు తిప్పకుండా లాగితే కీలు లోపలి స్ప్రింగు ఒక్కసారిగా మూసుకుంటుంది. పని నేర్చుకునే రోజుల్లో ఒక లాకు మర్చిపోయాను, నా ఎడమ బొటనవేలు మీద ఆ మచ్చ ఇంకా ఉంది. తలుపును మడతపెట్టిన దుప్పటి మీద పరిచి పని చేయండి. అద్దం ఏ వైపు లోపలికి ఉందో తీసేముందే ఫొటో తీసుకోండి.

స్టీమ్ క్లీన్ చేశాక అడుగున తెల్లటి మరకలు వచ్చాయి.

బోరు నీళ్లు పోసి ఉంటారు. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, నీళ్లు ఆవిరయ్యాక అదే మిగులుతుంది. నిమ్మరసం కానీ వెనిగర్ కానీ గుడ్డతో అద్ది పది నిమిషాలు ఉంచి తుడవండి. ఇకమీదట ఆర్‌ఓ నీళ్లే పోయండి.

పైరోలిటిక్ క్లీనింగ్ వాడటం సురక్షితమేనా?

ఓవెన్ 500 డిగ్రీల దాకా వేడెక్కి లోపలి మురికిని బూడిద చేస్తుంది. అప్పుడు తలుపు తనే లాక్ అవుతుంది. ముందుగా జాలీలు, ట్రేలు, పక్క స్టాండ్లు తీసేయాలి, పెద్ద ముద్దలు చేత్తో తుడిచేయాలి. కిటికీలు తెరిచి ఉంచండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. ఇంట్లో పెంపుడు చిలుకలు, లవ్‌బర్డ్స్ ఉంటే ముందే వేరే చోటికి తీసుకెళ్లండి. ఆ పొగలు పక్షులను చంపగలవు. పండగ ముందు రోజు మాత్రం ఇది పెట్టుకోవద్దు. అంత వేడికి ఫ్యూజు పోయినా, లాకు తిరగకపోయినా పండగనాడు ఓవెన్ ఉండదు.

పక్క గోడలు గరుకుగా, మ్యాట్‌గా ఉంటే అవి క్యాటలిటిక్ పలకలు. వాటికి సోడా, క్లీనర్ ఏదీ పూయొద్దు, సూక్ష్మ రంధ్రాలు పూడుకుపోతాయి.

ఓవెన్ డిస్‌ప్లే వెనక బొద్దింకలు తిరుగుతున్నాయి. స్ప్రే కొట్టొచ్చా?

కొట్టొద్దు. స్ప్రే బోర్డు మీద పడితే షార్ట్ కావొచ్చు, కొన్ని స్ప్రేలకు మంట అంటుకుంటుంది. బొద్దింకలు వెచ్చదనం కోసం అక్కడ చేరతాయి. వాటి మలం, చచ్చిన పురుగులు బోర్డు మీద తేమ పీల్చి పిచ్చి పిచ్చి బటన్ తప్పులు తెప్పిస్తాయి. జెల్ మందును ఓవెన్ చుట్టూ ఉన్న అర మూలల్లో చుక్కలుగా పెట్టండి. ట్రేలో నూనె, బ్రెడ్ పొడి రాత్రి పూట వదలకండి.

## తేడా వచ్చినప్పుడు

కరెంటు పోయి వచ్చాక ఓవెన్ అసలు వేడెక్కట్లేదు. లైటు వెలుగుతోంది. బోర్డు పోయిందా?

డిస్‌ప్లే మీద 00:00 కానీ 12:00 కానీ మినుకుమినుకుమంటోందా? అయితే గడియారం పెట్టండి, అంతే. చాలా మోడళ్లలో టైము పెట్టందే కాయిల్‌కు కరెంటు వెళ్లదు. కొన్నిటిలో చెయ్యి బొమ్మ ఉన్న బటన్ నొక్కితే మాన్యువల్‌కు వస్తుంది. మణికొండలో ఒక అమ్మ రెండు నెలలు ఓవెన్ వాడకుండా ఉన్నారు, అంతకుముందు వచ్చిన మనిషి బోర్డు మార్చాలని పెద్ద అంచనా రాసిచ్చి వెళ్లాడట. నేను రెండు బటన్లు కలిపి నొక్కి టైము పెట్టాను. పావుగంటకు లోపల వేడి తగిలింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. అంచనా కాగితం ఇంకా ఫ్రిజ్ మీద మాగ్నెట్ కింద ఉంది.

టైము పెట్టినా పనిచేయకపోతే తాళం బొమ్మ కనిపిస్తోందేమో చూడండి, అది పిల్లల లాక్. డిస్‌ప్లేనే లేకపోతే డీబీలో ఎంసీబీ చూడండి. త్రీ ఫేజ్ ఇంట్లో ఒక్క ఫేజ్ పోతే మిగతావన్నీ పనిచేస్తూ ఓవెన్ ఒక్కటే చచ్చిపడి ఉండొచ్చు.

వానాకాలంలో ఓవెన్ వేయగానే ఆర్‌సీసీబీ పడిపోతోంది. ఎండాకాలం బాగానే ఉంది.

ఇది నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. కాయిల్ లోపల సన్నని తీగ ఉంటుంది. దానికీ బయటి స్టీలు గొట్టానికీ మధ్య మెగ్నీషియం ఆక్సైడ్ పొడి దట్టించి ఉంటారు. ఆ పొడికి గాలిలో తేమ పీల్చే గుణం ఉంది. ఓవెన్ నెలల తరబడి వాడకుండా ఉండి జులై, ఆగస్టు ముసురు పడితే కాయిల్ చివర్ల నుంచి తేమ లోపలికి చేరుతుంది. స్విచ్ వేయగానే కొద్దిపాటి కరెంటు ఆ తేమ గుండా బాడీకి, అక్కడి నుంచి ఎర్త్‌కు లీకవుతుంది. ఆర్‌సీసీబీ తన పని తాను చేస్తుంది.

ఏ మోడ్‌లో పడుతోందో చూడండి. గ్రిల్‌లో (పై కాయిల్) పడి ఫ్యాన్ మోడ్‌లో పడకపోతే, ఫ్యాన్ మోడ్‌లోనే 100 నుంచి 150 డిగ్రీల మధ్య గంట సేపు ఖాళీగా నడపండి. ఆ వేడికి గ్రిల్ కాయిల్ కూడా ఆరుతుంది, చాలాసార్లు దాంతో సరిపోతుంది. అన్ని మోడ్‌లలో పడుతున్నా, ఆరబెట్టాక మళ్లీ మళ్లీ వస్తున్నా కాయిల్ గొట్టం చిట్లి ఉండొచ్చు, మార్చాల్సిందే.

దయచేసి ఈ మాట గుర్తుంచుకోండి. ఎర్త్ వైరు పీకేస్తే ట్రిప్ ఆగుతుంది. అలా చేసి డబ్బు తీసుకుని వెళ్లినవాళ్లను చూశాను. అప్పుడు లీకయ్యే కరెంటు తలుపు పిడి మీద నిలబడి ఉంటుంది, తడిచేత్తో ముట్టుకునేది మీరో మీ పిల్లలో. ఆర్‌సీసీబీ తీసేసి నేరుగా కలిపేవాళ్లదీ ఇదే తప్పు. వాడకం తక్కువైన ఇళ్లలో పదిహేను రోజులకోసారి అరగంట ఓవెన్ వేడి చేస్తే ఈ బాధ చాలావరకు రాదు.

180 పెట్టినా కేకు మాడుతోంది, ఒక్కోసారి ఉడకట్లేదు. ఓవెన్ సరైన వేడి చూపిస్తోందా?

ఓవెన్ థర్మామీటర్ కొని మధ్య జాలీ మీద పెట్టండి. 180 దగ్గర అరగంట నడిపి, తలుపు తెరవకుండా అద్దంలోంచి పది నిమిషాలకోసారి నాలుగుసార్లు చూసి రాసుకోండి. ఒక పది పదిహేను డిగ్రీలు పైకీ కిందికీ ఊగడం సహజం, సగటు చూడాలి. సగటు ఎప్పుడూ 20 డిగ్రీలు ఎక్కువ వస్తే ఆ మేరకు తగ్గించి పెట్టుకోవచ్చు. కొన్ని ఎలక్ట్రానిక్ మోడళ్లలో సెట్టింగులోనే సరిదిద్దుకునే వీలుంది.

థర్మామీటర్ లేకపోతే పంచదార పరీక్ష. ఫాయిల్ గిన్నెలో ఒక చెంచా పంచదార పోసి 175 దగ్గర పావుగంట ఉంచండి. గింజలు అలాగే ఉండాలి. తర్వాత 190కి పెంచి ఇంకో పావుగంట ఉంచితే కరిగి గాజులా మెరవాలి. పంచదార కరిగేది దాదాపు 186 డిగ్రీల దగ్గర. 175కే కరిగితే ఓవెన్ ఎక్కువ వేడెక్కుతోంది. 190లోనూ గింజలు విడివిడిగా ఉంటే తక్కువ వేడెక్కుతోంది.

రెసిపీలో చెప్పిన వేడి పై-కింది కాయిల్స్‌కు అయితే, ఫ్యాన్ మోడ్‌లో 20 డిగ్రీలు తగ్గించాలని కూడా గుర్తుంచుకోండి.

కేకు పైన ఎర్రగా, కింద తెల్లగా ఉంటోంది. ఒక పక్కకు వాలి పొంగుతోంది కూడా.

కింద తెల్లగా ఉంటే కింది కాయిల్ అనుమానం. కింది కాయిల్ ఒక్కటే ఉండే మోడ్ పెట్టి ఐదు నిమిషాలాగి, తలుపు తెరిచి అడుగుకు జానెడు పైన చెయ్యి ఉంచండి. వేడి తగలకపోతే కాయిల్ పోయింది, లేదా దాని వైరు ఊడింది. ఒక పక్కకు వాలితే ఓవెన్ సమంగా లేదు. జాలీ మీద వెడల్పాటి ట్రేలో నీళ్లు పోసి చూస్తే తెలిసిపోతుంది. ట్రే ఫ్యాన్ రంధ్రాలను పూర్తిగా మూసేసినా ఒక పక్కే కాలుతుంది.

తలుపు సందులోంచి వేడి వస్తోంది. రబ్బరు మార్చాలా?

చల్లని ఓవెన్ తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగండి. కొంచెం బిగువుగా రావాలి. వదులుగా జారితే అక్కడ పట్టు లేదు. నాలుగు వైపులా చూడండి. రబ్బరు గట్టిపడినా, చిరిగినా మార్చాలి. చాలావాటిలో మూలల్లో సన్నని కొక్కేలుంటాయి, లాగితే ఊడతాయి, నొక్కితే కూర్చుంటాయి, స్క్రూ కూడా అక్కర్లేదు. రబ్బరు బాగుండి పైమూల మాత్రమే వదులైతే కీలు సాగింది. తలుపు మీద వాలడం, పిల్లలు వేలాడటం దీనికి కారణాలు.

లోపలి బల్బు పోయింది. ఎల్‌ఈడీ వేయొచ్చా?

వేయకూడదు, వేడికి కరిగిపోతుంది. 300 డిగ్రీలు తట్టుకునే ఓవెన్ బల్బే కావాలి. మరచుట్టు ఉండేది ఈ14, పిన్నులుండేది జీ9, ఎక్కువగా 25 వాట్లు. ఎంసీబీ ఆపి, గాజు మూత ఎడమకు తిప్పి తీయండి. పిన్నుల బల్బును టిష్యూతో పట్టుకోండి, వేలి జిడ్డు అంటితే త్వరగా పోతుంది.

తలుపు అద్దం ఉన్నట్టుండి పగిలి ముక్కలైంది. ఏ దెబ్బా తగల్లేదు.

ఆ అద్దం టెంపర్డ్. పాత గీత, అంచుకు తగిలిన చిన్న దెబ్బ, వేడి అద్దం మీద తడిగుడ్డ, ట్రే అడ్డుపడగా తలుపు గట్టిగా మూయడం: వీటిలో ఏదో ఒకటి ఎప్పుడో జరిగి ఉంటుంది. ఓవెన్ ఆపి, పూర్తిగా చల్లారాక ముక్కలు ఏరండి. ఫ్యాన్ రంధ్రాల్లోకి పోయినవి వాక్యూమ్‌తో తీయాలి. లోపలి అద్దం లేకుండా ఒక్కసారి కూడా నడపొద్దు.

## విప్పి చూసేటప్పుడు

కాయిల్ నేనే మార్చుకోవచ్చా?

మల్టీమీటర్ వాడటం వచ్చి, తొందరపడని మనిషైతే ఫ్యాన్ చుట్టూ ఉండే గుండ్రటి కాయిల్ మార్చుకోవచ్చు. చాలా ఓవెన్లలో అది ముందు నుంచే వస్తుంది. కింది కాయిల్‌కు ఓవెన్ బయటికి లాగాలి, అది మెకానిక్‌కు వదిలేయండి.

ఓవెన్ స్విచ్ ఆపితే చాలదు. ఎంసీబీ దించి, ప్లగ్గు తీసి, ఎవరూ మళ్లీ వేయకుండా ఇంట్లోవాళ్లకు చెప్పండి. ఓవెన్ లోపలి వెనక పలక నాలుగు స్క్రూలు విప్పండి. ఫ్యాన్ రెక్కల నట్టు తీయాల్సివస్తే చాలావాటిలో అది ఎదురు మర, కుడివైపు తిప్పితే ఊడుతుంది. కాయిల్ స్క్రూలు తీసి మెల్లగా ముందుకు లాగితే వైర్లు కనిపిస్తాయి. ఫొటో తీసుకోండి. వైరు పీకేముందు దానికి బట్టలు ఆరేసే క్లిప్పు ఒకటి పెట్టండి. లేకపోతే వైరు రంధ్రంలోంచి వెనక్కి జారిపోతుంది, ఇక ఓవెన్ మొత్తం బయటికి తీయాల్సిందే.

కాయిల్ రెండు పిన్నుల మధ్య కొలత లెక్క సులువు. 52,900ను కాయిల్ వాట్లతో భాగించండి. 2000 వాట్లకు 26 ఓములు, 1000కి 53 దగ్గర రావాలి. మీటర్ ఏమీ చూపకపోతే తీగ తెగింది. కాయిల్ పిన్నుకూ స్టీలు గొట్టానికీ మధ్య ఏ విలువా చూపకూడదు, చూపితే లీకు.

వేడి తట్టుకునే ఫైబర్‌గ్లాస్ తొడుగున్న వైరే వాడాలి. మామూలు ఇన్సులేషన్ టేపు లోపల కరిగి కారుతుంది.

ఓవెన్ బయటికి లాగడం ఒక్కరివల్ల అవుతుందా?

కాదు. 30 నుంచి 40 కిలోలు ఉంటుంది. తలుపు, ట్రేలు ముందే తీసేయండి, బరువు తగ్గుతుంది. తలుపు తెరిస్తే ఫ్రేమ్ పక్కల రెండో నాలుగో స్క్రూలు చెక్కకు బిగించి ఉంటాయి. ఇద్దరు పట్టుకుని, అదే ఎత్తున్న బల్ల మీదికి జరపాలి. వైరు పొడవు ఎంతుందో చూస్తూ లాగండి.

## మెకానిక్, స్పేర్లు, కొత్తది

మెకానిక్ బోర్డు పోయిందంటున్నాడు. నమ్మొచ్చా?

కొలిచి చూపించమని మర్యాదగా అడగండి. పని తెలిసినవాళ్లు కోపం తెచ్చుకోరు. బోర్డు అనేముందు కాయిల్, వేడి మితిమీరితే తెగే కట్-అవుట్, సెన్సర్ చూసి ఉండాలి. చాలా ఎలక్ట్రానిక్ ఓవెన్లలో సెన్సర్ పీటీ1000 రకం, 30 డిగ్రీల గదిలో సుమారు 1117 ఓములు చూపుతుంది. ఓవెన్ వేసినప్పుడు లోపల టక్‌మని రిలే శబ్దం వచ్చి, కాయిల్‌కు 230 చేరుతూ కూడా వేడెక్కకపోతే తప్పు కాయిల్‌ది. మార్చిన పాత భాగాన్ని మీకే ఇవ్వమనండి.

వారంటీ ఉండగా బయటివాళ్ల చేత విప్పించొద్దు. కంపెనీ పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయొచ్చు. బిల్లు, ఫిర్యాదు నంబర్లు, ఫొటోలు దగ్గర పెట్టుకోండి.

స్పేర్లు సిటీలో ఎక్కడ దొరుకుతాయి?

ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌ను అడగండి. తలుపు ఫ్రేమ్ మీద స్టిక్కర్‌లోని పూర్తి మోడల్ నంబర్ చెప్పాలి, పేరు ఒక్కటే చాలదు. అక్కడ లేదంటే కోఠి గుజరాతీ గల్లీ, ట్రూప్ బజార్, సికింద్రాబాద్ వైపైతే రాణీగంజ్ తిరగండి. పాత కాయిల్ చేతిలో పట్టుకునే వెళ్లండి. వాట్లు, వంపు, బిగించే పట్టీ, పిన్నుల మధ్య దూరం నాలుగూ కలవాలి. వాట్లు ఎక్కువున్నది వేస్తే తొందరగా వేడెక్కుతుందని ఆశపడొద్దు, రిలే కాలుతుంది.

రిపేరు చేయించనా, కొత్తది కొననా?

కాయిల్, రబ్బరు, బల్బు, సెన్సర్, ఫ్యాన్ మోటారు: ఇవి పోతే పదేళ్ల ఓవెన్‌కైనా రిపేరే చేయించమంటాను. లోపలి రేకు తుప్పుపట్టి చిల్లుపడినా, అద్దమో బోర్డో కంపెనీ ఇక తయారు చేయకపోయినా కొత్తదే కొనండి. కొనేముందు టేపు తీసుకుని అర కొలవండి. చాలా ఓవెన్లకు 56 సెంటీమీటర్ల వెడల్పు, 59 నుంచి 60 ఎత్తు, కనీసం 55 లోతు కావాలి. 45 సెంటీమీటర్ల ఎత్తుండే కాంపాక్ట్ మోడళ్లూ ఉన్నాయి, ఆర్డరు ఇచ్చేటప్పుడు పొరబడొద్దు. వెడల్పును పైన, మధ్యలో, కింద మూడుచోట్ల కొలవండి. వేడికీ తేమకీ పాత ప్లై పలకలు వంగి ఉంటాయి. మధ్యలో అర సెంటీమీటర్ తగ్గినా కొత్త ఓవెన్ గుమ్మంలోనే ఆగిపోతుంది.